రెండు జట్ల పిల్ల

గట్టయ్య సారు మోకాళ్లు ఆయనకంటే ముందే రిటైరయ్యాయి. సర్కారు లెక్కలో ఆయనకింకా పద్దెనిమిది పనిదినాలు మిగిలి ఉన్నాయి గానీ, మోకాళ్లు మాత్రం మూడేళ్ల కిందటే ఇక మావల్ల కాదని చెప్పేశాయి. అయినా రోజూ పొద్దున దంతాలపల్లిలో బస్సు దిగి, ఆటో ఎక్కి, పక్క ఊరి హైస్కూలు గేటు ముందు ఆగేవాడు. ముందు ఒక కాలు కింద పెట్టేవాడు. రెండో కాలిని చేత్తో పట్టి దించుకునేవాడు. మెడలో ఈల సవరించుకుని లోపలికి నడిచేవాడు. ఆ మనిషి దగ్గర ఇంకా గట్టిగా మోగేది ఆ ఈల ఒక్కటే.

ఆయన పేరు గట్టయ్య అని ఊళ్లో ఎంతమందికి తెలుసో గానీ, డ్రిల్లు సారంటే అందరికీ తెలుసు. వ్యాయామోపాధ్యాయుడనే పెద్ద మాట సర్వీసు పుస్తకంలో ఉంటుంది. అసలు కొలువు వేరు. పొద్దున ప్రార్థన చేయించాలి. ఆలస్యంగా వచ్చిన వాళ్లను గేటు దగ్గర ఆపాలి. మధ్యాహ్నం అన్నం దగ్గర తోపులాట లేకుండా చూడాలి, గుడ్లు లెక్కపెట్టాలి, ఆ లెక్క ఫోన్లో ఎక్కించాలి. సోషల్ సారు సెలవు పెడితే ఆయన క్లాసులో కూర్చోవాలి. పంద్రాగస్టుకు జెండా కర్ర పాతాలి. ఇవన్నీ అయ్యాక మిగిలితే ఆటలు. మిగిలితే మాట! పదో తరగతి ఆటల పీరియడ్‌ను లెక్కల సారు ఎప్పుడో మింగేశాడు. తొమ్మిదో తరగతిది సైన్సు టీచరమ్మ తీసుకుంది. ఎనిమిదో తరగతి వాళ్లకు మాత్రం వారానికి రెండుసార్లు చివరి పీరియడ్ ఉండేది, అది ఎవరూ అడగలేదు కాబట్టి.

ఇరవై ఎనిమిదేళ్ల కిందట గట్టయ్యకు మొదటి పోస్టింగు ఇదే బడిలో. ఆ తర్వాత స్టేషన్ ఘన్‌పూర్ దిక్కు తొమ్మిదేళ్లు, భూపాలపల్లి దిక్కు ఏడేళ్లు తిరిగాడు. జిల్లాలు ముక్కలై, టీచర్లను పంచినప్పుడు మహబూబాబాద్ జిల్లా ఆయన వాటాకు వచ్చింది. తిప్పి తిప్పి తెచ్చి ఇదే గేటు ముందు దింపారు. ఇక్కడే ముగిద్దామనుకున్నాడు. పెద్ద ఆశలేం లేవు పాపం. శాలువా కప్పించుకుని, దండ వేయించుకుని, మోకాళ్లకు దవాఖానలో ఏదో ఒకటి చేయించుకుంటే చాలు.

ఇలాంటి మనిషికి అక్టోబరులో మూడు రోజుల శిక్షణ వేశారు. ఇంకో నెలలో ఇంటికిపోయే వాడికి శిక్షణేమిటని మీరడుగుతారు. కాగితానికి ఆ సిగ్గుండదు. జాబితాలో పేరుంది, పోవాలి. భార్య అండాలు మోకాళ్లకు నూనె రాస్తూ, "ముసలోనికి దసరా పండుగ" అని నవ్వింది. ఆయన నవ్వలేదు. మహబూబాబాద్ వెళ్లి వెనక వరుసలో కూర్చుని కునుకు తీశాడు.

రెండో రోజు మమత అని ఒక చిన్నది లేచి మాట్లాడింది. ఆయన చిన్నకూతురు ఈడుది. బంతి కొట్టడం, పట్టుకోవడం పిల్లలకు ఎట్లా నేర్పాలనేది ఆమె పాఠం. ఆమె ఒకే ఒక్క ప్రశ్న అడిగింది. "నలభై నిమిషాల పీరియడ్‌ల ఒక్కొక్క పిల్లకు బంతిని కొట్టే వంతు ఎన్నిసార్లు వస్తది సార్?"

హాలంతా నవ్వింది. గట్టయ్య కూడా కునుకులోంచి లేచి, "గదెవలు లెక్కవెడ్తరు బిడ్డా" అన్నాడు.

"ఒక్క పీరియడ్ లెక్కవెట్టి చూడుండ్రి సార్" అంది ఆ పిల్ల.

అంతే. అది చెప్పులో రాయిలా పట్టుకుంది. తిరిగొచ్చాక ఎనిమిదో తరగతి పీరియడ్‌లో గ్రౌండు పక్కన కుర్చీ వేయించుకుని, హాజరు పుస్తకం వెనక అట్ట మీద ఒక్కొక్క పేరు పక్కన గీతలు పెట్టాడు.

ఆట మొదలయ్యే తీరు ఎప్పటిదే. ముందు ఉద్దులు పట్టుకుంటారు. సమానమైన ఇద్దరు జతకట్టి, భుజాల మీద చేతులేసుకుని దూరంగా వెళ్లి, చెరొక దొంగపేరు పెట్టుకుని వస్తారు. "గులాబి కావాల్నా, మల్లె కావాల్నా?" అని ఇద్దరు నాయకులనూ అడుగుతారు. గులాబి అన్న వాడికి ఒకరు, రెండోవాడికి మరొకరు. గొడవ లేని న్యాయం. కానీ ఎనిమిదో తరగతిలో ముప్పై తొమ్మిది మంది. జత దొరకని పిల్ల ఒకటి ప్రతిసారీ మిగిలేది. ప్రతిసారీ ఆ పిల్ల గ్రేస్ అయ్యేది. సన్నగా, మాట బయటికి రానట్టుగా ఉండే పిల్ల. అట్లా జత లేక మిగిలిన పిల్లకు గట్టయ్య సారు ఎప్పుడో చేసిన రూలొకటి ఉంది. ఆ పిల్ల రెండు జట్లకూ ఫీల్డింగు చేయాలి. బ్యాటు మాత్రం ఏ జట్టుకూ పట్టకూడదు. పడితే "వాళ్లకొకలు ఎక్కువైన్రు" అని కొట్లాటలొస్తాయి.

ఆ రూలు ఆయన దయతోనే పెట్టాడు, అది చెప్పుకోవాలి. మొదట్లో మిగిలిన పిల్లలు గోడవారన కూర్చుని ఏడ్చేవాళ్లు. వాళ్లను లేపి, "నువ్వు రెండు జట్ల పిల్లవు, నువ్వు లేకుంటే ఆటే నడవది" అని గోడ దగ్గర నిలబెట్టేవాడు. పిల్లల ఏడుపు ఆగేది. ఆయన మనసు కుదుటపడేది. ఇరవై ఎనిమిదేళ్లు అట్లా కుదుటపడింది.

పీరియడ్ అయ్యాక అట్ట తిప్పి చూసుకున్నాడు. నవీన్ అనే పిల్లాడి పేరు పక్కన నలభై మూడు గీతలు. వాడు అవుటే కాడు మరి. ఇంకో పదిమందికి నాలుగో అయిదో ఉన్నాయి. ఇరవై ఎనిమిది మందికి ఒక్కటీ లేదు. వంతు రాకముందే బెల్లు కొట్టారు. గ్రేస్ బంతి తెచ్చినవి విడిగా లెక్కపెట్టాడు, పదకొండు సార్లు. అందులో ఏడు సార్లు గోడ అవతల తుమ్మకంప లోంచి.

గట్టయ్యకు ఆ పూట అన్నం సయించలేదు. ఎంతమంది పిల్లలు, ఎన్ని పీరియడ్లు అని గుణించబోయి మధ్యలోనే వదిలేశాడు. అంత ధైర్యం లేదు. ఒక్కటి మాత్రం అనుకున్నాడు. పోయేలోపు ఈ ముప్పై తొమ్మిది మందీ ఒక్కసారైనా బంతి కొట్టాలి. ఒక్కరూ మిగలకూడదు. ఇరవై ఎనిమిదేళ్లది ఎట్లాగూ కడగలేడు. కనీసం ఈ ఒక్క తరగతి.

అనుకోవడానికి ముహూర్తం చూడండి! సరిగ్గా ఆ వారమే వానాకాలం వడ్లు కోతకొచ్చాయి. బడి గ్రౌండులో వడ్ల కొనుగోలు కేంద్రం పెట్టారు. ట్రాక్టర్ల మీద ట్రాక్టర్లు దిగాయి. సోమవారానికి గ్రౌండులో కాలు పెట్టే జాగా లేదు. కుప్పలు, వాటి మీద పరదాలు, మధ్యలో కాళ్లతో వడ్లు తిరగేస్తూ ఆడవాళ్లు. తేమ తగ్గితేనే కాంటా, కాంటా అయితేనే బస్తా, లారీ వస్తేనే బస్తా కదిలేది. లారీ ఎప్పుడొస్తుందో ఆ లారీకే తెలియదు. ఏటా ఇంతే. రైతు ఎక్కడ ఆరబోసుకుంటాడు మరి? ఎవర్ని తిట్టాలి?

హెడ్మాస్టరు వెంకట్రాం దగ్గరికి వెళ్లాడు. ఆయన కంప్యూటర్ ముందు నుదురు పట్టుకుని ఉన్నాడు. "గట్టయ్య సార్, నాకు తరగతి గదులకే దిక్కు లేదు, మీరు గ్రౌండంటరు. ఇంకెన్ని దినాలు మీకు? జర హాయిగ కూసోండ్రి. శాలువా గూడ ఆర్డరిచ్చినం" అన్నాడు. రోలు పోయి మద్దెలతో మొరపెట్టుకున్నట్టయింది. గట్టయ్య లేచి వచ్చేశాడు.

రోజులు గడిచాయి. పద్దెనిమిది పన్నెండయ్యాయి, పన్నెండు ఆరయ్యాయి. చివరికి సిగ్గు విడిచి కేంద్రం నడిపే ఆమె దగ్గరికే పోయాడు. ఆమె పేరు సౌందర్య, మహిళా సంఘం తరఫున కొనుగోళ్లు చూసేది. గ్రేస్ తల్లి. ఊళ్లో పుట్టింది, ఊళ్లోనే ఇచ్చారు. తన దగ్గర చదివిందని గట్టయ్యకు తెలుసు గానీ, అంతకు మించి ఏమీ గుర్తులేదు. ఆ బ్యాచులో సిక్సర్లు కొట్టిన పిల్లల పేర్లు ఇంటిపేర్లతో సహా చెప్పగలడు.

ఆమె కాంటా పక్కన రిజిస్టరు ముందేసుకుని ఉంది. సారును చూడగానే లేచి కుర్చీ ఇచ్చింది.

"ఒక్క పీరియడ్‌కు జర జాగ ఇయ్యరాదు బిడ్డా" అన్నాడు. "పిల్లలందరితోని ఒక్కసారి బ్యాటు పట్టిస్త. అందరితోని. ఒక్కలు గూడ మిగలొద్దు."

సౌందర్య రిజిస్టరు మూసింది. పెన్ను మూత పెట్టింది.

"గిప్పుడు యాదికొచ్చిందా సార్ మీకు?"

"ఏంది బిడ్డా?"

"మేము ముప్పై ఒక్కలం ఉంటిమి. ఆరు నుంచి ఎనిమిది దాంక మూడేండ్లు, గా గోడ మూల నిలవడ్డ. రెండు జట్ల పిల్లవు అన్నరు. సంబురపడ్డ సార్, పిచ్చిదాన్ని. ఇంటికి పోయి మా అవ్వకు గూడ చెప్పిన. ఏ జట్టు గెలిచినా నన్ను పిలుస్తరనుకున్న. ఏ జట్టూ పిలవలే." ఆమె గొంతు పెంచలేదు. పెంచితే గట్టయ్యకు కాస్త తేలికయ్యేది. "మొన్న గ్రేస్ ఇంటికొచ్చి గదే మాట చెప్పింది. అమ్మా, నేను రెండు జట్ల పిల్లనంట అని. నాకు ఎట్లుంటది సార్?"

గట్టయ్యకు తెలుసు, తప్పయిందని అనాలి. అనలేకపోయాడు. ఆ వయసులో, మెడలో ఈలతో ఆ మాట రావడం అంత సులువు కాదు. తల మాత్రం దించుకున్నాడు.

సౌందర్యకు జాలేసిందో, విసుగేసిందో. "రేపు మొండయ్య తాత కుప్ప ఎత్తుతరు. గా గోడ దిక్కు జాగ సాయంత్రం దాంక ఖాళీ ఉంటది. ఎల్లుండి వేరేటోళ్ల ట్రాక్టర్ వస్తది. రేపొక్కనాడే" అంది. "ఒకటే మాట సార్. ముందుగాల గ్రేస్‌కు ఇయ్యుండ్రి బ్యాటు."

"ఇస్త బిడ్డా" అన్నాడు గట్టయ్య.

మరుసటి రోజు మధ్యాహ్నం నుంచే ఆయన ఆ జాగాలో ఉన్నాడు. మొండయ్య వడ్లు ఎత్తిన చోట పొట్టు ఊడ్చి, సున్నంతో రెండు పెద్ద గుండ్రాలు గీశాడు. వంగినప్పుడల్లా మోకాలు కలుక్కుమంది. ప్రతి కలుక్కుకూ మహబూబాబాద్‌లోని ఆ చిన్నదాన్ని తిట్టుకున్నాడు. చివరి పీరియడ్ బెల్లు కాగానే పిల్లలొచ్చి అలవాటుగా ఉద్దులు పట్టుకోబోయారు.

"ఉద్దులు లేవు, గిద్దులు లేవు. ఇయ్యాల ఎవ్వలూ మిగలరు" అని ఈల ఊదాడు.

ఒక గుండ్రంలో ఇరవై మంది, ఇంకోదాంట్లో పందొమ్మిది. ఒకరు మధ్యలో నిలబడి మూడు బంతులు కొట్టాలి. మూడోది కొట్టి గుండ్రం చుట్టూ ఉరకాలి. బంతి పట్టిన వాడి వెనక మిగతా అందరూ పరుగెత్తి వచ్చి వరుస కట్టి, కాళ్ల సందుల్లోంచి బంతిని చివరిదాకా పంపి "ఆపు!" అని అరవాలి. అరిచేలోపు ఎన్ని చుట్లు తిరిగితే అన్ని పరుగులు. ఊరికే నిలబడేవాడు ఒక్కడూ ఉండడు. శిక్షణలో కునుకు తీశాడన్నాను గానీ, ఇది మాత్రం చెవిన పడ్డట్టుంది.

"గ్రేస్! ముందుగాల నువ్వు రా" అని పిలిచాడు.

అందరూ అటు తిరిగారు. ఆ పిల్ల ముఖం ఎర్రబడింది. "నేను చివర్ల ఆడ్త సార్" అంది నేల చూస్తూ.

గట్టయ్యకు అప్పటికే నడుం విరుగుతోంది. పిల్లను ఎందుకు భయపెట్టాలి అనుకున్నాడు. "సరే బిడ్డా, చివర్ల ఆడు" అన్నాడు.

ఆట సాగింది. అబ్బో, ఏం గోల! ఎన్నడూ బ్యాటు పట్టని పిల్లలు గాలిని కొట్టారు, నేలను కొట్టారు, నవ్వారు. ఒక పిల్ల బంతి కొట్టి బ్యాటుతో సహా పరుగెత్తింది. నవీన్‌కు మూడంటే మూడే బంతులిచ్చేసరికి వాడు మొహం మాడ్చుకున్నాడు గానీ, కాసేపటికి వాడే వరుస ముందు నిలబడి అరుస్తున్నాడు. బంతి పోయి తన వడ్ల బస్తాల మీద పడితే మొండయ్య, "ఓ డ్రిల్లు సారూ, వడ్లు సర్కారుకమ్మిన్నా, మీ పోరలకమ్మిన్నా?" అని కేక పెట్టాడు. గట్టయ్య అట్ట మీద గీతలు పెడుతూ పోయాడు. ఇరవై, ముప్పై, ముప్పై అయిదు.

ముప్పై ఎనిమిదో గీత పెట్టి తలెత్తేసరికి ఆకాశం నల్లగా ఉంది. చల్లటి గాలి ఒక్కటి కొట్టింది. "వానొస్తాంది!" అని ఎవరో ఆడమనిషి అరిచింది.

ఇక ఆట ఎక్కడిది? ఈల ఊదాల్సిన పని లేదు, చెప్పాల్సిన పని లేదు. వడ్లున్న ఇళ్ల పిల్లలు వాళ్లు. ముప్పై తొమ్మిది మందీ కుప్పల మీద పడ్డారు. పరదాలు లాగారు, అంచుల మీద రాళ్లు పెట్టారు, ఆరబోసిన వడ్లు చేతులతో దగ్గరికి ఎగదోశారు. గ్రేస్ తల్లి పక్కన పరదా కొస పట్టుకుని వేలాడింది. వాన ఇరవై నిమిషాలు కొట్టి ఆగిపోయింది. చాలా కుప్పలు దక్కాయి. పిల్లలు తడిసిన సంచులు నెత్తిన పెట్టుకుని ఇళ్లకు పోయారు. గ్రేస్ మాత్రం తల్లి కోసం వరండాలో నిలబడింది.

గట్టయ్య మెట్ల మీద కూలబడ్డాడు. ఒళ్లంతా పచ్చిపుండులా ఉంది. గుండ్రాలు కరిగి సున్నం నీళ్లు కారుతున్నాయి. సౌందర్య కొంగుతో తల తుడుచుకుంటూ వచ్చింది.

"అయ్యిందా సార్?"

అబద్ధం చెప్పొచ్చు. పిల్ల పక్కనే ఉంది. "ముప్పై ఎనిమిది" అన్నాడు.

ఆమె కూతురి వైపు చూసింది.

"ముందుగాలనే పిలిచిన బిడ్డా. చివర్ల ఆడ్త అన్నది. సరే అన్న."

"మేం అట్లనే అంటం సార్" అంది సౌందర్య అలిసిపోయిన గొంతుతో. "నేను గూడ ఒకసారి అన్న. మీరు గిట్లనే సరే అన్నరు. పా గ్రేస్, ఇంటికి పోదాం."

గట్టయ్య స్తంభం పట్టుకుని లేచాడు. "ఆగుండ్రి" అన్నాడు. "తప్పు నాది. అప్పుడూ నాదే, ఇప్పుడూ నాదే. గ్రేస్, బ్యాటు వట్టు."

బురదలో ముగ్గురే. గట్టయ్య కింద నుంచి మెల్లగా బంతి వేశాడు. గ్రేస్ బ్యాటు ఊపేసరికి బంతి వెనక్కి పోయింది. రెండోదీ అంతే. పోయి తెచ్చుకుని మళ్లీ వేశాడు. మూడోది టప్పుమని తగిలింది. బురద చిమ్ముకుంటూ గోడ మూలకు పోయింది.

సౌందర్య పరుగెత్తింది. ఎవరూ చెప్పలేదు. నలభై ఏళ్లకు దగ్గరపడ్డ మనిషి, పొద్దుట్నుంచి రెండొందల బస్తాలు కాంటా పెట్టించిన మనిషి, చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని బంతి కోసం పరుగెత్తింది. గట్టయ్య కేక పెట్టాడు.

"ఆగు సౌందర్యా! ఆగు బిడ్డా! నేను పోత!"

ఆమె ఆగింది. తను ఎందుకు ఉరికిందో తనకే అర్థం కానట్టు నిలబడింది. గట్టయ్య ఆమెను దాటుకుని నడిచాడు. ఒక్కొక్క అడుగూ బురదలోంచి పీక్కుంటూ గోడ దాకా పోయాడు. వంగి బంతి తీసుకుని, వెనక్కి తిరిగాడు. ఆ మూలలో నిలబడటం ఆయనకు అదే మొదటిసారి. అక్కణ్నుంచి బ్యాటు పట్టుకున్న పిల్ల ముఖం కూడా సరిగ్గా కనబడదు. మామూలుగా పిలిస్తే వినబడేంత దగ్గర కాదు. మూడేళ్లు నిలబడింది ఇక్కడ, అనుకున్నాడు. కళ్లు నీళ్లయ్యాయి.

"గ్రేస్! బ్యాటు మీ అమ్మకియ్యి. బంతి నువ్వెయ్యి" అని అరిచి బంతి విసిరాడు. అది సగం దూరంలోనే పడింది. గ్రేస్ వచ్చి తీసుకుంది.

"మరి మీరు సార్?" అంది.

"నేను ఈన్నే ఉంట."

"నాకొద్దు సార్. నాకు రాదు. ఇంటికాడ పనున్నది" అంది సౌందర్య.

ఈసారి గట్టయ్య సరే అనలేదు. గోడకు ఒరగబోయి, మానుకుని, రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టుకుని, ఆమె బ్యాటు అందుకునే దాకా అక్కడే నిలబడ్డాడు.